తెరిపించిన కళ్లు

జోయిడా
జూలై 4

అక్కా, శరణు.

నేను బాగానే ఉన్నాను. ఆదివారం తెల్లవారుజామున జహీరాబాద్‌లో బయలుదేరి బీదర్, కలబురగి, విజయపుర, ధార్వాడ్ మీదుగా దాండేలి చేరేసరికి రెండు రోజులు పట్టింది. ఓమ్ని వ్యాను ఎక్కడా ఆగలేదు. ఘాట్‌లో ఒకచోట ఆగింది కానీ దానంతట అదే మళ్లీ కదిలింది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

దాండేలి దాటాక అంతా అడవే. కొండలున్నాయని అందరూ చెబుతున్నారు. నేను ఇంకా చూడలేదు. పొద్దున మబ్బు, మధ్యాహ్నం వాన, సాయంత్రం రెండూ. వ్యాను దిగి నాలుగడుగులు వేస్తే కాళ్లకు జలగలు పడుతున్నాయి. ఇక్కడివాళ్లు సున్నం, పొగాకు నూరి కాళ్లకు రాసుకుంటారు. నేనూ రాసుకున్నాను. జలగలు అలాగే పడుతున్నాయి, కాకపోతే కాళ్లు మండుతున్నాయి.

ఎందుకు వచ్చానని నువ్వు అడుగుతావు కాబట్టి రాస్తున్నాను. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. ఆల్బంలలో వెనకాల పెట్టడానికి కొండలు, అడవులు నేనే సొంతంగా తీసుకుందామని వచ్చాను. ఇప్పుడు అందరి ఆల్బంలలోనూ ఒకటే కొండ ఉంటున్నది. మొన్న మొగుడంపల్లి పెళ్లికొడుకు ఒకతను, ఆ కొండ ముందు పోయినేడు తన బావమరిది కూడా నిలబడ్డాడని అన్నాడు.

ఫోను స్టూడియో సొరుగులో పెట్టి తాళం వేసి వచ్చాను. నీకు చెప్పకుండా వచ్చింది తప్పే. నువ్వు ఎలాగూ పోస్టాఫీసులో ఉన్నావు, ఉత్తరం రాయి. నా పేరు కింద ‘జోయిడా పోస్టుమాస్టరు వద్ద ఉంచవలెను’ అని రాస్తే చాలు, నేను వెళ్లి తీసుకుంటాను.

రేవణసిద్ధప్ప కాక ఎక్కడైనా కనిపించాడా? ఊరికే అడుగుతున్నాను.

నీ తమ్ముడు
మంజునాథ్


ఝరాసంగం మండలం
జూలై 13

తమ్ముడు మంజునాథ్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరం అయిదు రోజులకు చేరింది. ఈ నెలలో నా బ్రాంచికి వచ్చిన రెండో ఉత్తరం ఇది. మొదటిది కోర్టు నోటీసు. ఇరవై ఏళ్లుగా బ్రాంచి పోస్టుమాస్టరు పని చేస్తున్నాను, నాకు ఉత్తరం రావడం మాత్రం ఇదే మొదలు. ముద్ర నేనే వేసుకుని నేనే చదువుకున్నాను.

ఇక్కడ వాన లేదు. పెసర మొలిచి అక్కడే నిలబడింది. వాననంతా అక్కడ నువ్వే పట్టుకున్నట్టున్నావు.

రేవణసిద్ధప్ప కాక కనిపించడం కాదు, నా ఆఫీసులోనే ఉంటున్నాడు. నువ్వు పోయిన మూడో రోజు జహీరాబాద్ వెళ్లి నీ షట్టర్ చూసి, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఇక్కడికి వచ్చాడు. అప్పటి నుంచి రోజూ పదింటికి వచ్చి బెంచీ మీద కూర్చుని, నేను తాళం వేసేటప్పుడు లేచిపోతున్నాడు. చంకలో తువ్వాలు చుట్టిన ఫోటో ఫ్రేము. ఆయన భార్య చెన్నమ్మది. హోలీ పండుగ తర్వాత ఆమె పోయినప్పుడు నువ్వు చేసిచ్చిన ఫ్రేమేనట.

మొదటి రోజు విప్పి చూపించాడు.

“మొఖం ఆమెదే బిడ్డా. బొట్టు ఆమెదే, ముక్కుపుల్ల ఆమెదే. చూపు ఆమెది కాదు.”

నాకు తేడా ఏమీ కనిపించలేదని చెప్పాను. నిజానికి చెన్నమ్మతో నేను ఎన్నడూ ఎక్కువ మాట్లాడలేదు, కానీ ఫోటో చూస్తే బాగా తెలిసిన మనిషిలాగే అనిపించింది. కాక ఒప్పుకోలేదు.

“ఆమె గిట్ల సూడకపోయేది. ఇది సంతకం పెట్టు అన్నట్టు సూస్తున్నది.”

ఇంట్లో ఆ ఫోటో ముందు కూర్చుని తినడం లేదట. గోడ వైపు తిప్పి పెడితే వాళ్ల తమ్ముడి కొడుకు వచ్చి మళ్లీ ఇటు తిప్పుతున్నాడట. అందుకని వెంటబెట్టుకుని తిరుగుతున్నాడు. నీకు రోజూ పొద్దున ఆరింటికి ఫోన్ చేసేవాడినని కూడా చెప్పాడు. ఫోను ఎందుకు సొరుగులో పెట్టావో అప్పుడు తెలిసింది. కొండల సంగతి మాత్రం తెలియలేదు.

నిజం రాయి.

అక్క
మహానంద


ఉళవి
జూలై 24

అక్కా, శరణు.

నిజం రాస్తున్నాను. పూర్తిగా చదివి కోపం తెచ్చుకో, మధ్యలో తెచ్చుకోవద్దు.

మన కులంలో పోయినవాళ్లను కూర్చోబెట్టి, విభూతి పెట్టి, పక్కన ఇంటివాళ్లు నిలబడి ఫోటో తీయించుకుంటారు కదా. గోడకు పెట్టే ఫ్రేముకు చాలాసార్లు అదే ఆధారం. ఆడవాళ్లకైతే మరీను. పెళ్లి ఫోటోల్లో వెనక వరుసలో సగం మొహం ఉంటుంది, ఆధార్ ఫోటోను పెద్దది చేస్తే మొహం గోడకు కొట్టిన పేడలా కనిపిస్తుంది. కాబట్టి పోయిన రోజు తీసిన మొహమే తీసుకుని, కంప్యూటర్‌లో కళ్లు తెరిపించాలి. కళ్లు మూసి ఉన్న ఫోటో ఎవరూ తీసుకోరు. తెరిపించాలంటే ఇంకొకరి కళ్లు కావాలి.

నీ పోస్టాఫీసు ఉద్యోగం దరఖాస్తుకు నేను తీసిన పాస్‌పోర్టు ఫోటో ఒకటి ఉంది. కళ్లు రెండూ సమానంగా ఉన్నాయి, వెలుతురు సరిగా పడింది, సూటిగా చూస్తున్నావు. పద్నాలుగేళ్ల కింద కోహీర్ నుంచి తొందరపని వస్తే ఒక్కసారికని వాడాను. బాగా కుదిరింది. ఆ తర్వాత ‘కళ్లు ఆడ’ అని ఫైలు చేసి పెట్టుకున్నాను. చెన్నమ్మతో కలిపి ఇప్పటికి నలభై ఒక్కమంది.

మగవాళ్లకు నావే వాడాను. కాబట్టి నిన్నొక్కదాన్నే వాడుకున్నానని అనుకోవద్దు.

ఒక్కరూ ఏమీ అనలేదు. రేవణసిద్ధప్ప కాక ఒక్కడే పట్టుకున్నాడు. ఆయన నాలుగు చోట్ల అంటే మిగతావాళ్లు తమ ఇంట్లో ఫోటోలు దించి చూస్తారు. పోయినవాళ్ల మొహంతో ఆడుకున్నాడంటారు. ఇక నా స్టూడియోకు ఎవరు వస్తారు? అందుకే వచ్చేశాను.

పారిపోయి మాత్రమే రాలేదు. కాక ఒకసారి చెప్పాడు, పెళ్లయిన కొత్తలో ఇద్దరూ ఈ ఉళవి జాతరకు వచ్చారట. జాతరలో గుడ్డ తెర కట్టి ఫోటోలు తీసే అతను వీళ్లను తీసి, ఇంటికి పంపిస్తానని అడ్రసు రాసుకున్నాడట. పంపలేదు. చెన్నమ్మ ఫోటో కోసమని కూర్చున్నది జీవితంలో అదొక్కసారే. ఆ నెగటివ్ దొరికితే ఆమె కళ్లు ఆమెకు పెట్టేస్తాను.

చుట్టూ కొండలు, మధ్యలో గుడి. మఠంలో వంట చేసే ముసలాయన ఉన్నాడు. నా బీదర్ కన్నడం విని కాసేపు నవ్వి, తర్వాత ఆ ఫోటోలాయన పేరు శాంతారాం అని చెప్పాడు. జోయిడా అవతల అడవిలో ఊరు. బతికే ఉంటాడని అన్నాడు. ఎలా తెలుసని అడిగితే, పోయి ఉంటే వంటకు నన్నే పిలిచేవాళ్లు అన్నాడు.

దారిలో చెట్టు పడింది. తీశాక వెళ్తాను.

మంజునాథ్


ఝరాసంగం మండలం
ఆగస్టు 8

మంజునాథ్‌కు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏమీ రాయలేదు. ఆ తర్వాత వారం రోజులు కూడా రాయలేదు.

ఈలోగా ఆధార్ కార్డులు, పుస్తకాల పార్సిళ్లు ఇవ్వడానికి ఇళ్లకు వెళ్లాను. ఇదివరకు గుమ్మంలో ఇచ్చి వచ్చేదాన్ని. ఈసారి మంచినీళ్లు అడిగి లోపలికి వెళ్లాను. పదకొండు ఇళ్లల్లో నేను ఉన్నాను. నాలుగు చోట్ల నా ముందు అగరుబత్తి వెలుగుతున్నది. ఒకచోట నాకు మెల్ల ఉంది, అది నువ్వు వంకరగా అతికించినందుకు. ఇద్దరు నాకంటే చిన్నవాళ్లు. పోయిన మాఘంలో నేను ఏడ్చి వచ్చిన ఇంట్లో కూడా నేనే ఉన్నాను.

నువ్వూ మూడు చోట్ల ఉన్నావు. వడ్డించే వేళకు వచ్చిన చుట్టంలా చూస్తున్నావు.

చిన్న సంగతి ఒకటి అడుగుతాను. రేపు నేను పోతే నాకు ఎవరి కళ్లు పెడతావు? నావే పెడితే జనం చూసి, ఈమెకు చెన్నమ్మ కళ్లు పెట్టారని అంటారు.

కాక రోజూ ఎదురుగానే కూర్చుంటున్నాడు. ఫ్రేము ఒళ్లో పెట్టుకుంటాడు. నేను తల వంచుకుని పని చేస్తున్నాను. ముద్రలు వంకరగా పడుతున్నాయి.

ఈ ఇళ్లకు నువ్వు వచ్చి చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఈ నెలాఖరు దాకా చూస్తాను. శ్రావణం ముహూర్తాలకని ఇద్దరు వచ్చి నీ షట్టర్ చూసి వేరే స్టూడియోకు పోయారు. ఆ సంగతి నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను.

మహానంద


జోయిడా దగ్గర
ఆగస్టు 19

అక్కా, శరణు.

నీ ఉత్తరం వ్యానులో కూర్చుని మూడుసార్లు చదివాను. నువ్వు రాసిందంతా న్యాయమే. కానీ జర ఆగు. నలభై ఒక్క ఇళ్లకు నేనే వస్తాను, ముందు ఈ పని కానీ.

శాంతారాం దొరికాడు. ఎనభై దాటాయి. ఊళ్లో ఆరు ఇళ్లు, చుట్టూ అడవి, ఆయన ఇల్లు చివరిది. వ్యాను రెండు కిలోమీటర్ల ఇవతలే ఆపాలి. మధ్యలో వాగు ఉంది. దాని మీద వంతెన అంటే రెండు పోక చెట్ల మొద్దులు. కెమెరా నెత్తిన పెట్టుకుని దాటుతున్నాను. మొదటి రోజు దాటాక ఆయన కోడలు అడిగింది, ఎగువన సిమెంటు వంతెన ఉంది కదా, అటు నుంచి ఎందుకు రాలేదని.

ఈ వానలకు ఇక్కడ తోలు చెప్పుల మీద కూడా బూజు పడుతుంది. నా లెన్సు లోపల పట్టింది. కానీ శాంతారాం నెగటివ్‌లన్నీ బిస్కెట్ డబ్బాల్లో పెట్టి, పొయ్యి పైన అటక మీద దాచాడు. పొగకు, వేడికి చెమ్మ తగలలేదు. పదకొండు డబ్బాలు. మీద ఏ సంవత్సరమో రాయలేదు. జాతరకు వచ్చినవాళ్లు ఎందుకు వచ్చారో దాన్ని బట్టి సర్దాడు. కొత్తగా పెళ్లయినవాళ్లు ఒక డబ్బా, పిల్లల పుట్టువెంట్రుకలకు వచ్చినవాళ్లు మూడు డబ్బాలు, జబ్బు తగ్గాలని వచ్చినవాళ్లు రెండు. పిల్లలు కావాలని మొక్కుకోవడానికి వచ్చినవాళ్లు అయిదు డబ్బాలు.

రేవణసిద్ధప్ప కాక పెళ్లయిన కొత్తలో వచ్చామన్నాడు కాబట్టి మొదట ఆ డబ్బా చూశాను. లేరు. వాళ్లకు పిల్లలు లేరు కదా, ఇప్పుడు ఆ అయిదు డబ్బాల్లో వెతుకుతున్నాను. ఆయన ఎందుకు అలా చెప్పాడో నాకు అర్థమైంది. నువ్వు ఆయనను అడగొద్దు.

నెగటివ్‌లో మొహాలు పోల్చుకోవడం కష్టం. నలుపు తెలుపు, తెలుపు నలుపు. కాకకు ఎడమ చేతికి ఆరు వేళ్లు కదా. అందుకని చేతులు చూస్తున్నాను. వెలుతురు వచ్చినప్పుడు కిటికీకి పట్టుకుని వేళ్లు లెక్కపెడతాను. రోజుకు గంటన్నర వెలుతురు ఉంటుంది. ఇప్పటికి ఎనిమిది వందల ఎడమ చేతులు చూశాను. అందరికీ అయిదే.

ఎందుకు పంపలేదని శాంతారాంను అడిగాను. ఆ ఏడు జాతర కాగానే పెద్దకొడుకు పోయాడట. ఆ తర్వాత ఎవరికీ పంపలేదన్నాడు. అడ్రసుల పుస్తకం ఇంకా ఉంది.

నువ్వు అక్కడ ఎవరికీ చెప్పకు. చెబితే నేను వచ్చేది ఎక్కడికి?

మంజునాథ్


ఝరాసంగం మండలం
సెప్టెంబర్ 1

తమ్ముడు మంజునాథ్‌కు,

నెలాఖరు అయిపోయింది, చెప్పేశాను.

మొదట బాలమణి ఇంటికి వెళ్లాను. వాళ్ల అత్త ఫోటో వంటింటి గుమ్మం పైన ఉంటుంది. కూర్చుని, నీళ్లు తాగి, ఫోటోలో కళ్లు మీ అత్తవి కావు, నావి, మా తమ్ముడు పెట్టాడు అని చెప్పాను. ఆమె చాటలో కందిపప్పు ఏరుతున్నది. చెయ్యి ఆపలేదు.

“గదేంది పోస్టక్కా, మాకు ఎరుకనే. ఫోటో ఇంటికొచ్చిన దినమే మా ఆయన అన్నడు, పోస్టక్క మన గోడెక్కి కూసున్నదేందని.”

మరి ఇన్నేళ్లు ఎందుకు అడగలేదంటే, నేనే ఇచ్చాననుకున్నారట. ఇచ్చిన మనిషిని అడిగితే బాగుండదని ఊరుకున్నారట. ఆమె మొగుడు ఆ ఫోటో ముందు కూర్చుని తాగడం మానేశాడు. పశువుల కొట్టంలోకి పోయి తాగుతున్నాడు. పోస్టాఫీసులో తెలిసిపోతుందని భయమట.

వేరే ఫోటో చేయించమంటావా అని అడిగాను.

“ఒద్దక్కా. మా అత్త బతికిన్నాడు మమ్ముల గింత నిమ్మళంగ సూడలె.”

ఆ తర్వాత ఆరు ఇళ్లకు వెళ్లాను. ఆరిళ్లలోనూ తెలుసు. ఒకామె తన కూతురికి కూడా చెప్పిందట, బడి ఎగ్గొడితే నాయనమ్మ పోస్టక్క కళ్లతో చూస్తుందని. మెల్ల ఉన్న ఇంటివాళ్లు మాత్రం, వీలైతే అదొక్కటి సరి చేయమన్నారు. ఈ సంగతి అందరికీ తెలుసని ఈ మండలంలో తెలియనివాళ్లం మనమిద్దరమే. ఒకరు చేసినవాడు, ఒకరు కళ్లున్నది.

చివరికి ఆఫీసుకు వచ్చి కాకకు చెప్పాను. ఆయన తువ్వాలు సర్దుకున్నాడు.

“నీ కండ్లని నాకు ఎరుకనే బిడ్డా. అందుకే ఈడ కూసుంటున్న. పోల్చి సూస్తున్న.”

తప్పయింది కాకా అన్నాను. తప్పేమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆరు వేళ్లూ ఊగాయి.

“నీవి మంచి కండ్లే. నాకు ఆమెవి కావాలె.”

కాబట్టి స్టూడియోకు ఏమీ కాదు. నీ భయం వట్టిది. కానీ ఆ నెగటివ్ దొరికేదాకా రావద్దు. ఇది నేను అంటున్నాను, కాక కాదు. ఆయన నువ్వు ఎక్కడున్నావని కూడా అడగడం లేదు.

ఇక్కడ రెండు వానలు పడ్డాయి. పెసర పోయింది, కంది నిలబడింది.

అక్క


దాండేలి
సెప్టెంబర్ 10

అక్కా, శరణు.

దొరికింది. నాలుగో డబ్బా అడుగున. మోకాలి మీద చెయ్యి, ఆరు వేళ్లు, అనుమానం లేదు. శాంతారాంకు చూపిస్తే పుస్తకం తీశాడు. అడ్రసు సరిగానే ఉంది, పిన్‌కోడుతో సహా. చాలా మర్యాదగా, ఇప్పుడు పంపించమంటారా అని అడిగాడు. నేను తీసుకుపోతానన్నాను. పుస్తకంలో ఆ పేరు ఎదురుగా టిక్కు పెట్టుకున్నాడు.

నేను బయటికి వచ్చేసరికి వాన ఆగింది, మబ్బు విడిచింది. కొండలన్నీ కనిపించాయి. ఒకదాని వెనక ఒకటి, ఆకుపచ్చ నుంచి నీలం దాకా, లెక్కపెడితే తొమ్మిది వరసలు. కెమెరా సంచిలోనే ఉంది. నెగటివ్ తడవకూడదని రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. కింద పెట్టడానికి పొడి చోటు లేదు. అలాగే నిలబడి చూశాను. పది నిమిషాలకు మళ్లీ మూసుకుంది.

దాండేలిలో ఒక స్టూడియోలో ఫోటో చేయించాను. కంప్యూటర్ మీద మొహాలు వచ్చాక చూశాను. కాక సూటిగా కెమెరా వైపు చూస్తున్నాడు, మీసం కూడా ఉంది. చెన్నమ్మ కళ్లు మూసుకుని ఉంది.

రెప్ప పడిన క్షణం కాదది. అది నాకు తెలుస్తుంది, అలాంటివి వేలు చూశాను. గట్టిగా, కావాలనే మూసుకుంది. చేతులు రెండూ ఒళ్లో పట్టుకుని, మొక్కుకుంటున్నట్టు ఉంది. అక్కడికి ఎందుకు వచ్చారో ఆ పని ఫోటోలో కూడా చేసుకుంటున్నది.

ఆ స్టూడియో అతను నా మొహం చూసి, పరవాలేదు సార్, కళ్లు తెరిపిస్తాను, మా దగ్గర ఫైలు ఉంది అన్నాడు. తెరిచి చూపించాడు. ఎవరో పంతులమ్మ కళ్లలా ఉన్నాయి. ఎవరివని అడిగితే మాట మార్చాడు.

వద్దన్నాను. ఉన్నదున్నట్టే చేయించి స్పీడ్ పోస్టులో నీకు పంపుతున్నాను. నువ్వే ఇవ్వు. రెండు నెలలు అడవిలో తిరిగి మూసిన కళ్లు తెచ్చానని కాక ఎదుట నిలబడి చెప్పడం నాకు చేతకాదు. ఆయన ఏమంటే అది రాయి. తిట్టినా రాయి. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను.

మంజునాథ్


ఝరాసంగం మండలం
సెప్టెంబర్ 18

తమ్ముడు మంజునాథ్‌కు ఆశీస్సులు.

కవరు సోమవారం వచ్చింది. ఆఫీసులో ఇవ్వబుద్ధి కాలేదు. మధ్యాహ్నం కాక ఇంటికి తీసుకుని వెళ్లాను. జహీరాబాద్ నుంచి బంతిపూల దండ ఒకటి తెప్పించి పెట్టుకున్నాను.

కాక చేతులు కడుక్కుని, ధోవతికి తుడుచుకుని, కవరు ఆయనే చించాడు. ఫోటో గుమ్మం దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో చూశాడు. చాలాసేపు చూశాడు. నేను నువ్వు రాసిందంతా చెప్పాను. డబ్బాల సంగతి చెప్పలేదు.

“కండ్లు మూసుకున్నది,” అన్నాడు. తర్వాత ఇంకాసేపటికి, “నేను కెమెరా దిక్కు సూస్తున్న. పక్కకు సూడలె,” అన్నాడు.

కళ్లు తెరిపిస్తామంటే నువ్వు వద్దన్నావని చెప్పాను. మంచిగ జేసిండు అన్నాడు. ఏడవలేదు. నేనూ ఏడవలేదు, కానీ కొంచెం పని కల్పించుకుని మేకు కోసం వెతికాను.

ఫోటోను పాత ఫ్రేములోకి మార్చి మేకుకు తగిలించాక, నేను దండ తీసి వేయబోయాను. కాక నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు బిడ్డా. దండ ఎట్ల ఏస్తవు? అండ్ల నేను గూడ ఉన్న గదా.”

బతికున్న మనిషి ఫోటోకు దండ వేయకూడదు. నాకు తట్టలేదు. నువ్వైనా ముందే చెప్పాల్సింది, నీ పనే కదా. అందుకని దండ లేకుండానే ఉంది. ఊదుబత్తి కూడా వద్దన్నాడు. గోడ మీద ఇద్దరూ పెళ్లి ఫోటోలో కూర్చున్నట్టే కూర్చున్నారు. కాక దాని ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. దండ ఊరికే పోవడం ఎందుకని దూడ మెడలో వేశాం. అది తినేసింది.

నా కళ్లున్న ఫోటోను ఫ్రేములోంచి తీశాం కదా, దాన్ని తువ్వాలులో చుట్టి, ఇది నీది అని నాకే ఇచ్చాడు. ఇంట్లో పెట్టుకుంటే వచ్చినవాళ్లు అడుగుతారు, ఆఫీసులో పెడితే ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు. ప్రస్తుతం బియ్యం డబ్బా వెనక ఉంది. ‘కళ్లు ఆడ’ ఫైలు వచ్చీ రాగానే తీసేయాలి. నేను దగ్గర నిలబడి చూస్తాను.

నేను బయలుదేరుతుంటే కాక వాకిలి దాకా వచ్చాడు.

“మంజునాథ్‌ను రమ్మను. నాది ఇప్పుడే తియ్యమను, కండ్లు తెరిసి ఉండంగనే.”

ఈ మాట బాలమణికి ఎవరు చెప్పారో తెలియదు. మర్నాడు ఆమె వచ్చి తన పేరు రాసుకోమంది. ఎందుకంటే, రేపు నాకు ఎవరి కండ్లో ఎందుకు, నావే తీసి పెట్టుకుంట అంది. ఆమె మొగుడూ రాయించుకున్నాడు. ఇవాళ్టికి ఇరవై ఆరుమంది అయ్యారు. కోహీర్ నుంచి కూడా ఒకామె కబురు పంపింది. పోయినప్పుడు వాడే ఫోటో కాబట్టి నవ్వమని అడగొద్దని అందరూ ముందే చెబుతున్నారు. తెర తెచ్చుకో. వెనక కొండలు పెట్టొద్దు, ఎవరూ అడగలేదు.

కాక తనకేమీ తొందర లేదంటున్నాడు. కానీ రోజూ ఉతికిన ధోవతి కట్టుకుని పదింటికే వచ్చి కూర్చుంటున్నాడు. నిన్న గడ్డం కూడా గీయించుకున్నాడు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి మళ్లీ పెరుగుతుంది. అందిన రోజే బయలుదేరు.

అక్క
మహానంద